నా కళ్ళ ముందు తప్ప

ఫిజియోథెరపీ క్లినిక్కులో ముందు గది. మధ్యాహ్నం. లైసెన్సు బోర్డు పిలిస్తే పొద్దున్నే వెళ్ళిన అక్క ఇప్పుడే తిరిగొచ్చింది. ఆమె దగ్గర సహాయకుడిగా పనిచేసే తమ్ముడు, లైసెన్సు లేనివాడు, గడప దగ్గరికే ఎదురొచ్చాడు. ఎప్పుడూ రానివాడు.

"చేతులు చూపించు."

"ఏంటక్కా రాగానే. ముందు కూర్చో. బోర్డులో ఏమన్నారు?"

"చెప్తాను. ముందు చేతులు చూపించు."

"నా చేతులకేమైంది? ఇవిగో. నువ్వు వదిలి వెళ్ళినప్పుడు రెండే, ఇప్పుడూ రెండే."

"నూనె వాసనొస్తోంది."

"సీసా ఒలికింది. తుడిచాను. కూర్చో నువ్వు."

"ఒలకబోసింది తుడిచే మొహమా నీది?"

"ఇవాళ తుడిచాను. మంచిపని చేసినా తప్పేనా? ఏమన్నారో చెప్పవేంటి?"

"బయటపడ్డాం."

"నిజంగా?"

"నిజంగానే. లైసెన్సు ఉంచారు. ముక్కుతాడు వేసి మరీ ఉంచారనుకో. బల్లకి అటుపక్క ముగ్గురు, ఇటుపక్క నేనొక్కదాన్ని. మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగింది, ఒక మనిషి భుజం పట్టుకుని తిప్పే అధికారం మీ తమ్ముడికి ఎవరిచ్చారమ్మా అని. తప్పు నాదే అన్నాను."

"తప్పు నాది కదా."

"నువ్వు నా కింద పనిచేస్తున్నావు. నీ చెయ్యి ఏం చేసినా చట్టం లెక్కలో నేను చేయించినట్టే. నువ్వు తిప్పిన ఆ ముసలాయన భుజం సర్దుకుంది కాబట్టి, ఫిర్యాదు పెట్టిన ఆయన కొడుకు మెత్తబడ్డాడు కాబట్టి గండం గడిచింది. ఇంకోసారి జరిగితే నా పేరు రిజిస్టర్లోంచి కొట్టేస్తారు. మళ్ళీ ఎక్కదు. నీ మీద కేసు పెడతారు. లైసెన్సు పరీక్ష మాట ఇక నువ్వు ఈ జన్మలో ఎత్తక్కర్లేదు."

"వచ్చే నెల పరీక్షకి మాత్రం కూర్చోనిస్తారుగా?"

"కూర్చోనిస్తారు. అందుకే సంతకం పెట్టాను. నా కళ్ళ ముందు తప్ప నా సహాయకుడు పేషెంటుని ముట్టుకోడు. అంతే ఆ మాట. బడిపిల్లతో చదివించినట్టు పైకి చదివించారు కూడా. చదువుతుంటే నాకేడుపొచ్చింది. సిగ్గుతో కాదురా, హమ్మయ్య అనిపించి. ఏంటి, నువ్వెందుకలా అయిపోయావు?"

"ఎలా అయిపోయాను?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి వీధంతా టముకు వెయ్యాలి నువ్వు."

"సంతోషంగానే ఉందక్కా. గొంతు ఎండిపోయిందంతే."

"నాకూ ఎండిపోయింది. లోపలికెళ్ళి కాసిని నీళ్ళు తాగి, ఆ బల్ల మీద కాసేపు నడుం వాలుస్తాను."

"లోపలికి వద్దు."

"ఏం?"

"తడిగా ఉంది. ఫినాయిల్ వేసి తుడిచాను. జారతావు."

"ఫినాయిల్ వేసి తుడిచావు. నువ్వు."

"నూనె ఒలికిందన్నాను కదా."

"కర్టెన్ ఎందుకు లాగావు?"

"ఎండ పడుతోంది."

"ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?"

"తడి ఆరాలని. ఇక్కడే కూర్చో అక్కా, నీకు పుణ్యం ఉంటుంది. నీళ్ళు నేను తెస్తాను."

"తే. త్వరగా తే."

"ఇదిగో."

"గ్లాసు నీళ్ళకి బావి తవ్వొచ్చావా? ఎంతసేపు."

"గ్లాసు కడిగాను."

"సగం చొక్కా మీదే పోసుకున్నావు. ఏమైంది నీకు?"

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"ఒరేయ్. గోడకేసి కాదు, నా మొహం చూసి చెప్పు. నేను లేనప్పుడు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"అందరికీ ఫోన్ చేసి ఇవాళ రావద్దన్నావా?"

"అన్నాను."

"అందరికీనా?"

"దాదాపు అందరికీ."

"దాదాపు అంటే?"

"టైలరమ్మకి ఫోన్ కలవలేదు."

"వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు లేవన్నాను. వెళ్ళింది."

"వచ్చింది, వెళ్ళింది. మధ్యలో?"

"మధ్యలో ఏముంది, కాసేపు కూర్చుంది. మోకాలు మార్పించుకుని నెల కూడా కాలేదు, పాపం అన్ని మెట్లెక్కి వచ్చింది. వెంటనే పొమ్మంటే బాగుంటుందా?"

"ముట్టుకున్నావా?"

"మోకాలు ముట్టుకోలేదు."

"మోకాలని నేనన్నానా?"

"పిక్క నొప్పి అందక్కా."

"అయ్యో. ఏ పిక్క?"

"ఆపరేషన్ అయిన కాలిదే. రాత్రంతా బస్సులో కూర్చుని చెల్లెలి ఊరినుంచి వచ్చిందట. అప్పట్నుంచీ పిక్కలో రాయి పెట్టినట్టుందంది. కండరం పట్టేసిందనుకున్నాను. వేళ్ళకి కూడా అలాగే తగిలింది, ముడిలా."

"రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశావా?"

"చూశాను."

"టేపు పెట్టి కొలిచావా?"

"కంటితో చూశాను."

"కంటికి ఎలా ఉంది?"

"అది కొంచెం లావుగా ఉంది."

"కొంచెమా?"

"బాగానే."

"వేడిగా ఉందా?"

"నూనె కాచి రాశాను కదా, ఆ వేడేమో."

"నూనె రాయకముందు. ఒరేయ్, రాయకముందు వేడిగా ఉందా లేదా?"

"ఉంది. మెల్లిగా మాట్లాడక్కా."

"చర్మం?"

"మెరుస్తోంది."

"రక్తం పలచబడటానికి మాత్రలిచ్చారు ఆవిడకి. వేసుకుంటోందా?"

"అయిపోయాయంది. మళ్ళీ తెచ్చుకోలేదంది."

"ఆ సంగతి పిసకకముందు చెప్పిందా, పిసికాక చెప్పిందా?"

"పిసుకుతుంటే చెప్పింది."

"విని ఆపావా?"

"అప్పటికి సగంలో ఉన్నాను."

"సగంలో ఉన్నావు."

"మిగతా సగం నెమ్మదిగానే చేశాను."

"నీకు ఎన్నిసార్లు చెప్పానురా? ఆపరేషన్ అయిన మనిషికి ఒక్క కాలే వాచి, వేడిగా ఉందంటే అది కండరం కాదు. లోపల రక్తం గడ్డకట్టిందేమో అని భయపడాలి. వేలు కూడా తగలనివ్వకుండా పెద్దాసుపత్రికి పంపాలి. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, పోతే మనిషి నిలవదని, ఈ గదిలో, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను."

"తెలుసు."

"తెలిసి ఎలా చేశావు?"

"అప్పుడు గుర్తు రాలేదు. చిన్న డాక్టరుగారూ, మీ చెయ్యి పడితే చాలు సగం నొప్పి పోతుంది అంది."

"చాలు. అలా అంటే నీకు ఒళ్ళు తెలీదు."

"తెలీదు. అలా అనేది ఆవిడొక్కతే. నువ్వు పరీక్ష తప్పినవాడివి అంటావు. అమ్మ నన్ను నీ తమ్ముడనే చెప్పుకుంటుంది. బోర్డు వాళ్ళు సహాయకుడంటారు. అయినా ఇప్పుడు అడుగుతున్నావు కానీ, రద్దీ ఉన్న రోజు ఆ రెండో బల్ల కాస్త చూడరా అన్నది నువ్వు కాదా? మొదటిసారి ఒకళ్ళ కాలు మీద నా చెయ్యి పెట్టించింది ఎవరు?"

"నేనే. కానీ పక్కన నిలబడ్డాను కదరా."

"మొదట్లో నిలబడ్డావు."

"సరే. అది నా పాపం, తర్వాత తిడుదువుగాని. వెళ్ళేటప్పుడు ఎలా ఉంది ఆవిడ?"

"బాగానే ఉంది."

"ఆయాసం ఉందా?"

"కొంచెం."

"కొంచెం అని ఇంకోసారి అన్నావంటే చెంప పగులుతుంది. ఎలా ఉందో చెప్పు."

"ఆగి ఆగి మాట్లాడింది. ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తోందంది. గ్యాసేమో అన్నాను."

"గ్యాసు."

"అవునన్నట్టే తలూపింది అక్కా."

"నా ఫోనేదీ? సంచిలో ఉంది, ఇలా ఇవ్వు. కూతురికి చెప్పి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళమనాలి."

"ఏమని చెప్తావు?"

"పిక్కలో గడ్డ ఉండొచ్చని."

"మీకెలా తెలుసంటే? ఇవాళ క్లినిక్కు మూసి ఉందిగా అంటే? అక్కడ డాక్టరు మొదట అడిగేది, ఎవరైనా మర్దన చేశారా అని. అదీ నువ్వే చెప్పావు ఒకసారి."

"ఫోనివ్వు."

"ఇస్తాను. ఏం చెప్తావో అనుకుని ఇస్తాను. పొద్దున సంతకం పెట్టి, సిరా ఆరకముందే..."

"ఆగు. ఆగు, ఆలోచించనివ్వు."

"ఆలోచించు. మెల్లిగా ఆలోచించు."

"నేను చేశానని చెప్తాను. లైసెన్సు ఉన్నదాన్ని నేను చేస్తే పొరపాటవుతుంది. నువ్వు చేస్తే నేరమవుతుంది. పొరపాటైతే నిలబడి జవాబు చెప్పుకోవచ్చు."

"నువ్వు ఆ వేళకి బోర్డులో ఉన్నావక్కా."

"కొంచెం ముందే వచ్చేశానని..."

"ఎవరితో చెప్తావు? ఆ ముగ్గురితోనేనా? వాళ్ళ ఎదురుగుండానే కూర్చున్నావు. నీ చేతులు వాళ్ళ బల్ల మీదే ఉన్నాయి."

"ఎంత చక్కగా ఆలోచిస్తున్నావురా. ఈ తెలివి పిక్క మీద చెయ్యి వేసేముందు ఏమైంది?"

"పోనీ ఇలా చెబుదాం. వచ్చింది, నేను ముట్టుకోలేదు, వాపు చూసి ఆసుపత్రికి పొమ్మన్నాను."

"నిజంగా పొమ్మని ఉంటే నీ కాళ్ళకి మొక్కేదాన్ని. నిన్నెవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. కాలంతా నూనె పెట్టుకుని వెళ్ళిందిరా ఆవిడ. అక్కడి డాక్టరుకి ముక్కు లేదా?"

"అయితే ఇంట్లో తనే నూనె రాసుకుని పిసుక్కుందని చెబుదాం."

"చెబుదాం అంటే? ఆ మాట ఆవిడ అనాలి."

"అంటుంది. నేనంటే ప్రాణం ఆవిడకి. మొన్న నా చొక్కా చేతులు పొట్టిగా ఉన్నాయని, ఒంటి మీది చొక్కా విప్పించి మరీ తీసుకెళ్ళింది. అంచు వదిలి చేత్తో కుట్టి, ఇస్త్రీ చేసి తెచ్చింది. ఇదే చొక్కా."

"నీ చొక్కా సరిచేసిన పాపానికి ఆవిడ ప్రాణం మీదకి తెచ్చావు. ఇప్పుడు మనకోసం అబద్ధం కూడా ఆడాలా?"

"అడిగి చూద్దాం."

"ఊపిరి అందని మనిషిని పట్టుకుని, అమ్మా మాకో అబద్ధం చెప్పిపెట్టు అని అడుగుతావా?"

"మరేం చెయ్యమంటావు? నువ్వే చెప్పు. నిజం చెప్తే నువ్వు పోతావు, నేను పోతాను. అమ్మ మందులు, నీ పిల్ల చదువు, ఈ క్లినిక్కు, అన్నీ పోతాయి. చెప్పకపోతే ఆవిడ చెప్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఆవిడ ఉంటే చెప్తుంది. లేకపోతే..."

"అక్కా."

"ఏంటి?"

"లేకపోతే అంటే?"

"నేనేమీ అనలేదు."

"అన్నావు."

"ఆవిడ ఇక్కడికి రావడం ఎవరైనా చూశారా?"

"అక్కా, వద్దు."

"అడుగుతున్నాను. చూశారా?"

"లేదు. టాక్సీ దిగి ఒక్కతే వచ్చింది. కూతురికి కూడా చెప్పలేదంది, చెప్తే తిరగొద్దంటుందని. నీకు దండం పెడతాను, ఆ మాటలు ఆపు."

"కింద షాపులో?"

"మూసి ఉంది."

"అయితే ఆవిడ ఇవాళ ఇక్కడికి వచ్చినట్టు మనిద్దరికి తప్ప ఎవరికీ..."

"మెల్లిగా. మెల్లిగా మాట్లాడు."

"ఇందాకట్నుంచీ మెల్లిగా మెల్లిగా అంటావేంటిరా? పక్క వాటా తాళం వేసి ఉంది, వీధిలో పిట్ట లేదు. ఎవరు వింటారని?"

"ఎవరూ వినరు. అయినా నీ నోట్లోంచి ఆ మాట రాకూడదు. నేనంటే అనొచ్చు. నువ్వు అనకూడదు."

"ఛీ. ఏం మాట్లాడుతున్నాన్రా నేను."

"భయమక్కా. భయంలో అన్నావు."

"మంచం పట్టినవాళ్ళని లేపి నడిపిస్తానని ఈ చదువు చదివాను. మొదటిరోజు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తే టైలరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది తెలుసా? మిషను మళ్ళీ తొక్కుతానా డాక్టరమ్మా అని అడిగింది. ఎందుకు తొక్కవు, నీ చంటి మనవరాలి పెళ్ళి జాకెట్టు కూడా నువ్వే కుడతావు అన్నాను. ఆ నోటితోనే ఇప్పుడు ఆవిడ పోతే బాగుండునన్నాను."

"అనలేదు. పూర్తిగా అనలేదు."

"సగంలో ఉన్నాను. నువ్వు ఆపావు. నిన్ను ఆపడానికి నేను లేకపోయాను, అంతే తేడా."

"అక్కా, ఏడవకు."

"పోతే పోయింది లైసెన్సు. రేపు నేనే వెళ్ళి, అదే బల్ల దగ్గర నిలబడి చెప్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా సరే. ఫోనివ్వు."

"ఒక్క నిమిషం ఆగు. ఫోన్ చేసేముందు ఒకటి చెప్పాలి."

"తర్వాత చెప్పు. ఆ తలుపు పక్కన కర్ర ఎవరిది?"

"ఏ కర్ర?"

"కింద రబ్బరు బొడిపె ఉన్నది. నేనే ఎత్తు సరిచేసిచ్చాను దాన్ని. టైలరమ్మది కదూ?"

"మర్చిపోయింది."

"మోకాలు మార్పించుకున్న మనిషి కర్ర మర్చిపోయి మెట్లెలా దిగుతుందిరా?"

"నేను పట్టుకుని దింపాను."

"ఎక్కడిదాకా?"

"టాక్సీ దాకా. అక్కా, నేను చెప్పేది విను..."

"ఆవిడ ఇంటికి చేరిందో, దారిలోనే పడిపోయిందో. ఇలా తే ఫోను, ముందు ఆవిడకే చేస్తాను. కలుస్తోంది. ఇప్పుడు కలుస్తోంది, చూడు. పొద్దున కలవలేదట నీకు."

"పెట్టెయ్యి. పెట్టెయ్యి ఫోన్."

"మోగుతోంది. ఎత్తమ్మా, ఎత్తు తల్లీ. ఏంట్రా ఆ నవ్వు?"

"ఏ నవ్వు?"

"చంటిపిల్ల నవ్వు. లోపల్నుంచి."

"నాకేం వినపడటంలేదు."

"అది టైలరమ్మ మనవరాలి నవ్వు. ఆవిడ ఫోన్ మోగితే అదే వస్తుంది. ఊరందరికీ వినిపించి మురిసిపోతుంది కదా. ఫోన్ కూడా మర్చిపోయిందా? కర్ర మర్చిపోయి, ఫోన్ మర్చిపోయి, కర్టెన్ వేసి, ఫ్యాను వేసి... ఒరేయ్. ఇటు తిరుగు."

"దింపబోయానక్కా. నిలబడలేకపోయింది. కాసేపు పడుకుంటాను నాన్నా అంది. పడుకోబెట్టాను. సర్దుకుంటుందనుకున్నాను. నువ్వొస్తే చెబుదామని గడప దగ్గరే నిలబడ్డాను, నువ్వు వస్తూనే బయటపడ్డాం అన్నావు."

"మనం ఇంతసేపూ ఇక్కడ... తప్పుకో."

"నీళ్ళకి వెళ్ళినప్పుడు చూశాను, కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను."

"తప్పుకోరా."

"నవ్వు ఆగిపోయింది అక్కా."

"ఎత్తింది. ఫోన్ ఎత్తింది. అమ్మా, నేనమ్మా, డాక్టరమ్మని. వస్తున్నాను. నా మాట వినిపిస్తోందా?"

"వినిపిస్తోందమ్మా. ఇందాకట్నుంచీ అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. పిక్క... ఇంట్లో నేనే పిసుక్కున్నానని చెప్తాను. మనవరాలి మీద ఒట్టు. అంబులెన్సుని పిలవండమ్మా."